కోటప్పకొండ దారిలో బ్రేకు: మోకుతాడు నుంచి ఏబీఎస్ దీపం దాకా

పల్నాడులోని కోటప్పకొండకు వెళ్ళే బండిని అదుపులో ఆపే బాధ్యత గత వందేళ్ళలో చాలా చేతులు మారింది. మొదట అది తిరునాళ్ళ ప్రభల మోకులు పట్టిన ఊరివాళ్ళది. ఆ తర్వాత లారీ క్లీనర్‌ది, షెడ్డు మేస్త్రీది. ఇప్పుడు ఆ పనిలో సగం కారు బానెట్ కింద ఉండే చిన్న కంట్రోల్ యూనిట్ చేస్తోంది. ఆ యూనిట్ తన పని మానుకున్నప్పుడు డాష్‌బోర్డు మీద పసుపురంగులో వెలిగేదే ఏబీఎస్ (యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్) దీపం. అది ఎందుకు వెలిగిందో కనిపెట్టడం మెకానిక్ వృత్తిలో కొత్తగా చేరిన విద్య. పల్నాడులో ఆ విద్య పాత బ్రేకు పనిని తోసేసి రాలేదు, దాని మీదే నిలబడింది.

ప్రభలు, మోకులు, దుంగలు

నరసరావుపేటకు దక్షిణంగా 12 కిలోమీటర్ల దూరంలో, కొండకావూరు, యల్లమంద గ్రామాల పక్కన ఉన్న ఈ కొండకు త్రికూటాచలమని పాతపేరు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు మూడూ ఎటునుంచి చూసినా కనిపిస్తాయని ప్రతీతి. విష్ణుకుండిన రాజు మాధవవర్మకు ఉన్న ‘త్రికూట మలయాధిపతి’ బిరుదులోని త్రికూటం ఇదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. కొండమీది త్రికూటేశ్వరస్వామికి మహాశివరాత్రినాడు జరిగే తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మొక్కుబడిగా ప్రభలు కట్టుకొని వస్తారు. కావూరు, పురుషోత్తమపట్నం, యడవల్లి వంటి ఊళ్ళ ప్రభలకు పెద్ద పేరు.

ప్రభ అంటే బండిమీద నిలబెట్టిన ఎత్తయిన చట్రం. అడుగున బరువైన దూలాలు, పైన వెదుళ్ళు, వాటిమీద రంగుల గుడ్డలు, కాగితాలు, దేవుడి పటాలు ఉంటాయి. పెద్ద ప్రభలు 60 అడుగుల నుంచి 100 అడుగుల దాకా లేస్తాయి. జనరేటర్లు వచ్చాక వీటికి వేల బల్బులు చేరి విద్యుత్ ప్రభలయ్యాయి. ఒకప్పుడు జతలు జతలుగా ఒంగోలు ఎడ్లు లాగేవి, ఇప్పుడు చాలాచోట్ల ట్రాక్టర్లు లాగుతున్నాయి. దారికి అడ్డంగా కరెంటు తీగలుంటే సరఫరా ఆపి, తీగలు తప్పించి పంపిస్తారు.

ఇంత ఎత్తున్న బండికి ముందుకు సాగడం కంటే ఆగడం ప్రమాదం. చక్రాలు ఒక్కసారిగా నిలిచిపోతే అడుగుభాగం ఆగినా పైభాగం ఆగదు, ప్రభ ముందుకు ఒరుగుతుంది. అందుకే చట్రం పైనుంచి నాలుగు దిక్కులకూ మోకులు కట్టి మనుషులు పట్టుకుంటారు. దారి పల్లానికి దిగేటప్పుడు వెనక మోకులు పట్టినవాళ్ళు కాళ్ళు తన్నిపెట్టి బిగదీస్తారు, ముందువాళ్ళు కాస్త వదులిస్తారు. మలుపులో ఒకవైపు మోకు సడలుతుంది, రెండోవైపుది బిగుస్తుంది. బండి పూర్తిగా ఆగాల్సివస్తే చక్రాల ముందు దుంగలు వేస్తారు. అదీ ఒక్కసారిగా కాదు, వేగం తగ్గాకే. ఒక మనిషి ప్రభను పైనుంచి కిందిదాకా చూస్తూ కేకవేస్తుంటే, ఆ కేకను బట్టి తాళ్ళు పట్టినవాళ్ళు బిగించడం, వదలడం చేస్తారు. కొద్దిగా ఆపి, కొద్దిగా వదిలి, మళ్ళీ ఆపే ఈ పద్ధతిలో బండి నిలబడుతుంది, నిటారుగానూ ఉంటుంది.

మామూలు రెండెడ్ల బండికి విడిగా బ్రేకంటూ ఉండేది కాదు. పగ్గాలు, ముకుతాడు, ఎడ్ల మెడమీద కాడి ఎదురునెట్టడం, ఇవే ఆధారం. పశువు బెదిరితే ఇవేవీ పనిచేయవు. 1909 ఫిబ్రవరి 18న కోటప్పకొండ తిరునాళ్ళలో జరిగిన దొమ్మీ అలాంటి సంఘటనతోనే మొదలైందని చెబుతారు. జనసమ్మర్దంలో ఎడ్లు బెదరడం, పోలీసులు తుపాకులు ఎత్తడం, జనం తిరగబడడం వరసగా జరిగాయి. ఆ కేసులో చిన్నపరెడ్డి అనే రైతుకు ఉరిశిక్ష పడింది. పల్నాటి జనం ఆయనను వీరుడిగా పాడుకున్నారు.

లారీ, బస్సు, చేతివాటం

స్వాతంత్ర్యం తర్వాత రెండు దశాబ్దాల్లో ఈ ప్రాంతపు రవాణా మారిపోయింది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ కింద పత్తి, మిరప పంటలు పెరిగాయి. పిడుగురాళ్ళ సున్నం, మాచర్ల వైపు నాపరాయి లారీలకెక్కాయి. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ బస్సులు ఊళ్ళకు తిరిగాయి. శివరాత్రికి నరసరావుపేట, చిలకలూరిపేటల నుంచి కొండకు ప్రత్యేక బస్సులు నడపడం సంస్థకు ఏటా ఉండే పని అయింది.

ఆనాటి లారీల్లో డ్రైవరు పాదం పక్కన క్లీనర్ చేయి కూడా బ్రేకులో భాగమే. ఎత్తులో బండి ఆగితే క్లీనర్ దూకి వెనకచక్రం కింద చెక్కగానీ రాయిగానీ పెట్టేవాడు. బండి కదిలాక దాన్ని తీసుకొని పరుగెత్తి ఎక్కేవాడు. పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని నూనె గొట్టాల గుండా చక్రాల దగ్గరి సిలిండర్లకు చేరి, బ్రేక్ షూలను డ్రమ్ము లోపలి గోడకు ఒత్తేది. లారీలకు దీనికి తోడు వాక్యూమ్ బూస్టర్ ఉండేది, పెద్దబండ్లకు ఆ తర్వాత గాలిబ్రేకులు వచ్చాయి. అంబాసిడర్ కార్లు చాలాకాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే నడిచాయి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ముందుచక్రాలకు డిస్కులు, వెనక డ్రమ్ములు తెచ్చింది.

ఈ తరం బ్రేకుల్లో దోషం కనిపెట్టడానికి దీపాలు అక్కరలేదు. పెడల్ స్పాంజిలా మెత్తగా దిగితే నూనెలో గాలి చేరిందని అర్థం. ఒకసారి దిగిపోయి, రెండోసారి కొడితే నిలబడితే షూలు బాగా అరిగాయని, సర్దుబాటు కావాలని అర్థం. నొక్కిపట్టిన పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోయినట్టు. బ్రేకు వేసినప్పుడు బండి ఎడమకు లాగితే తప్పు చాలాసార్లు కుడిచక్రంలో ఉంటుంది, అది పట్టకపోబట్టే బండి రెండోవైపు పోతుంది. గీరుకుపోయే చప్పుడు వస్తే లైనింగ్ అరిగి రివెట్లు డ్రమ్ముకు తగులుతున్నట్టు. ప్రయాణం చేసి దిగాక చక్రం దగ్గర చెయ్యిపెడితే ఒకటి మిగతావాటికంటే ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేసినట్టు. విజయవాడ ఆటోనగర్ 1960ల్లో వెలిశాక గుంటూరు, పల్నాడు ప్రాంతాల కుర్రాళ్ళు చాలామంది అక్కడి షెడ్లలో చేరి, స్పానర్లు అందిస్తూ అందిస్తూ ఈ గుర్తులు పట్టడం నేర్చుకున్నారు. పాదం, చెవి, ముక్కు, చెయ్యి, ఈ నాలుగే ఆ విద్యకు పనిముట్లు.

బిగుసుకున్న చక్రం

ఈ బ్రేకులకు ఒక లోపం మిగిలింది. గట్టిగా నొక్కితే చక్రం తిరగడం మానేసి రోడ్డుమీద ఈడ్చుకుపోతుంది. అలా ఈడ్చుకుపోయే చక్రానికి పట్టు తగ్గుతుంది, పైగా స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. చక్రం బండి వేగం కంటే 10 నుంచి 20 శాతం నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు రోడ్డుమీద పట్టు ఎక్కువగా దొరుకుతుంది. అనుభవమున్న డ్రైవర్లు తడిరోడ్డుమీద పెడల్‌ను నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి ఈ మేలు పొందేవారు. ప్రభ మోకుల దగ్గర జరిగే పని సూత్రంలో ఇదే, కాకపోతే మనిషి పాదం సెకనుకు రెండుమూడుసార్లకు మించి ఈ పని చేయలేదు.

దీన్ని యంత్రానికి అప్పగించే ప్రయత్నం విమానాలతో ఊపందుకుంది. 1950ల మొదట్లో బ్రిటన్‌కు చెందిన డన్‌లప్ సంస్థ మాక్సారెట్ అనే యాంత్రిక పరికరాన్ని విమానాల చక్రాలకు అమర్చింది. 1966లో వచ్చిన జెన్సెన్ ఎఫ్‌ఎఫ్ కారులో దాన్నే వాడారు. అమెరికాలో 1971 మోడల్ క్రైస్లర్ ఇంపీరియల్‌కు బెండిక్స్ సంస్థ నాలుగు చక్రాల ఎలక్ట్రానిక్ ఏర్పాటు చేసింది. ఆనాటి ఎలక్ట్రానిక్ విడిభాగాలు మాత్రం కారులోని వేడికి, కుదుపులకు తట్టుకోలేకపోయాయి. డిజిటల్ చిప్పులు వచ్చాక 1978లో బాష్ తయారుచేసిన ఏబీఎస్ మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాస్‌లోకి, ఆ వెంటనే బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లోకి వచ్చింది. ఈనాటి కార్లలో ఉన్నది ఆ ఏర్పాటు సంతానమే. మొదటి తరం యూనిట్ 6 కిలోలు దాటేది, 2000 తర్వాత వచ్చినవి 2 కిలోలకు లోపే.

పని చేసే తీరు ఇది. ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సర్ దాని వేగాన్ని చెబుతుంటుంది. నాలుగింటిలో ఒకటి అకస్మాత్తుగా మందగిస్తే అది బిగుసుకోబోతోందని యూనిట్ గ్రహిస్తుంది. ఆ చక్రానికి వెళ్ళే నూనెదారిలోని వాల్వు మూసి, ఇంకో వాల్వు తెరిచి ఒత్తిడి తగ్గిస్తుంది. చక్రం తిరగడం మొదలుపెట్టగానే మళ్ళీ ఒత్తిడి పెంచుతుంది. సెకనుకు పదిసార్లకు పైగా ఇది జరుగుతుంది. వదిలిన నూనెను మోటారుపంపు వెనక్కి నెడుతుంది కాబట్టి డ్రైవరు పాదం కింద పెడల్ టకటకా కొట్టుకుంటుంది. కొత్తగా కారు కొన్నవాళ్ళలో కొందరు దాన్ని దోషమనుకొని పాదం తీసేస్తారు, తీయకూడదు. గులకరాళ్ళు, మెత్తటి దుమ్ము ఉన్న దారిలో మాత్రం ఏబీఎస్‌తో బండి ఆగడానికి కొంచెం ఎక్కువ దూరం పడుతుంది. బిగుసుకున్న చక్రం తనముందు మట్టిని పోగేసుకొని ఆగుతుంది, తిరిగే చక్రం పోగేసుకోదు. అయినా స్టీరింగ్ చేతిలో ఉండడమే పెద్ద లాభం.

దీపం చెప్పే భాష

ఏబీఎస్‌తో కొత్త ప్రశ్న వచ్చింది. ఈ యంత్రమే చెడితే? తప్పుడు సంకేతం అందుకొని, ఆగాల్సిన చోట ఒత్తిడి వదిలేస్తే? దానికి ఇంజినీర్లు ఎంచుకున్న జవాబు సులువైనది. యూనిట్ తన్ను తాను ఎప్పుడూ పరీక్షించుకుంటుంది, ఏమాత్రం అనుమానం వచ్చినా పక్కకు తప్పుకుంటుంది, తప్పుకున్నానని దీపం వెలిగించి చెబుతుంది. అప్పుడు పెడల్ నుంచి చక్రానికి నూనెదారి మామూలుగా తెరిచే ఉంటుంది. అందువల్ల పసుపు దీపం ఒక్కటే వెలిగితే బ్రేకులు పోయినట్టు కాదు, పాత అంబాసిడర్ లాగే పనిచేస్తాయి. ఎర్ర బ్రేకు దీపం కూడా తోడుగా వెలిగితే సంగతి వేరు. నూనె తగ్గి ఉండవచ్చు, లేదా ముందువెనక చక్రాల మధ్య ఒత్తిడి పంచే ఈబీడీ ఆగిపోయి ఉండవచ్చు. ఆ బండిని నడపకూడదు.

తాళం తిప్పగానే ఏబీఎస్ దీపం కొద్ది సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అది మొదటి పరీక్ష, వాల్వుల విద్యుత్ వలయాలది. బండి కదిలి కొంత వేగం అందుకోగానే చాలా కార్లలో యూనిట్ పంపు మోటారును ఒక్కక్షణం తిప్పిచూస్తుంది, చెవిపెట్టి వింటే చిన్న గుర్రుమనే చప్పుడు వినిపిస్తుంది. దీపం తాళం తిప్పినప్పటినుంచే ఆరకపోతే విద్యుత్ వలయంలో దోషం, బండి కదిలాక వెలిగితే చక్రపు సెన్సర్‌లోనో మోటారులోనో దోషం అని తొలి అంచనాకు రావచ్చు. తాళం తిప్పినా దీపం అసలు వెలగకపోతే అదీ తప్పే. ఆ బండి అమ్మకానికి వచ్చినదైతే మరింత జాగ్రత్తపడాలి, దోషం దాచడానికి బల్బు తీసేయడం కద్దు.

1980లలో దీపం వెలిగితే మెకానిక్ యూనిట్ ప్లగ్గు ఊడదీసి, మీటరుతో ఒక్కొక్క పిన్నూ కొలవాల్సివచ్చేది. తర్వాత దీపానికే మాటలు నేర్పారు. 1990ల జపాన్ కార్లలో పరీక్ష కనెక్టరులోని రెండు పిన్నులను చిన్న వైరుముక్కతో కలిపితే దీపం లెక్కప్రకారం మిణుకుతుంది. టయోటా పద్ధతిలో మూడుసార్లు మిణికి, కాస్త ఆగి, రెండుసార్లు మిణికితే 32 అని, అంటే ముందు ఎడమ సెన్సర్ అని అర్థం. 31 ముందు కుడి, 33 వెనక కుడి, 34 వెనక ఎడమ. 41 వస్తే బ్యాటరీ వోల్టేజి. కాగితం, పెన్సిలు పట్టుకొని డాష్‌బోర్డు ముందు కూర్చుని మిణుకులు లెక్కపెట్టడం అప్పటి నైపుణ్యం.

ఆ తర్వాత యూనిట్‌లోని దోషపు సంఖ్యలను, అంటే కోడ్‌లను, తెరమీద చదివే స్కానర్ వచ్చింది. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకూ ఒకేరకం 16 పిన్నుల కనెక్టరు తప్పనిసరి అయింది. భారత్‌లో అలాంటి ఓబీడీ-2 నిబంధన బీఎస్-4 ఉద్గార ప్రమాణపు కార్లకు 2013 ఏప్రిల్ నుంచి అమలైంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. చట్టం అడిగింది ఇంజన్ పొగకు సంబంధించిన కోడ్‌లనే. ఏబీఎస్ కోడ్‌లు చదివే తీరు కంపెనీకొక రకంగా ఉండిపోయింది. అందుకే వెయ్యి రూపాయలకు దొరికే బ్లూటూత్ పరికరం ఇంజన్ దీపం గురించి చెప్పగలిగినా, చాలా కార్లలో ఏబీఎస్ దగ్గరికి వచ్చేసరికి నోరు విప్పదు. కొండదారిలో దీపం వెలిగిన కారుకు ఫోన్‌లో ‘ఏ కోడూ లేదు’ అని చూపడం వెనక ఉన్నది ఈ తేడాయే.

ఘాట్ రోడ్డు, చట్టం

కోటప్పకొండకు పూర్వం మెట్లదారే దిక్కు. మాజీ స్పీకరు కోడెల శివప్రసాదరావు నరసరావుపేట శాసనసభ్యుడిగా ఉన్న కాలంలో కొండ అభివృద్ధికి పూనుకున్నారు. మలుపుల ఘాట్ రోడ్డు పడడంతో కార్లు, బస్సులు గుడిదాకా వెళ్ళసాగాయి. బండ్లు అప్పటిదాకా కొండ అడుగునే ఆగేవి, ఇప్పుడు భక్తులను దింపి మళ్ళీ పల్లంలో దిగాల్సివచ్చింది. చదునుదారిలో బయటపడని బ్రేకు దోషాలు దిగుదారిలో బయటపడతాయి.

ఘాట్‌లో ఏబీఎస్ చేసేది, చేయలేనిది వేరుపరచి చూడాలి. దిగుతున్నంతసేపూ పెడల్ మీద కాలు వేసి ఉంచితే డిస్కులు కాగి పట్టు తగ్గుతుంది, నూనె మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. డాట్ 3 నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ హద్దులు 230, 155. ఆవిరి పుట్టిన బ్రేకును ఏ ఎలక్ట్రానిక్ యూనిట్టూ కాపాడలేదు. రెండో గేరులో దిగడం, రెండేళ్ళకొకసారి నూనె మార్చడం మాత్రమే మందు. ప్యాడ్లు అరిగిన కారులో నూనెమట్టం తక్కువగా ఉంటుంది కాబట్టి దిగుడులో, మలుపులో అది పక్కకు జరిగి ఎర్రదీపం మిణుకుమంటుంది. చదునుకు రాగానే ఆరిపోతుంది. అది ఏబీఎస్ దోషం కాదు.

భారతదేశంలో ఏబీఎస్ చాలాకాలం ఖరీదైన కార్లకే పరిమితమైంది. ఒకే మోడల్‌లో పై రకానికి ఉండేది, కింది రకానికి ఉండేది కాదు. 2015 నుంచి కొత్త భారీ లారీలకు, బస్సులకు తప్పనిసరి చేశారు. కార్లకు, 125 సీసీ దాటిన మోటారుసైకిళ్ళకు కొత్త మోడళ్ళయితే 2018 ఏప్రిల్ 1 నుంచి, పాత మోడళ్ళయితే 2019 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వర్తించింది. దాంతో నగరాల షోరూముల సరుకైన సెన్సర్ రెండుమూడేళ్ళలో పల్నాడులోని ప్రతి ఊరికీ చేరింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడేనాటికి, రోడ్డుపక్క షెడ్డులో స్కానర్ లేకుండా కొత్తకారు పని ఒప్పుకోవడం కష్టమైంది.

దోషం పట్టే వరస

పని మొదలయ్యేది స్కానర్‌తో కాదు, కళ్ళతో, ప్రశ్నలతో. దీపం ఎప్పుడు వెలిగింది, ఈమధ్య చక్రాల పని ఏదైనా జరిగిందా, టైరు మార్చారా అని అడుగుతారు. నూనెమట్టం, ఫ్యూజులు, బ్యాటరీ వోల్టేజి చూస్తారు. బ్యాటరీ వోల్టేజి బాగా పడిపోతే యూనిట్ తప్పుకుంటుంది. ఆల్టర్నేటర్ దోషం ఏబీఎస్ దోషంలా కనిపించే సందర్భాలు అందుకే వస్తాయి. నాలుగు టైర్లూ ఒకే కొలతవా అన్నదీ చూడాలి. చిన్న స్టెప్నీ వేసుకొని తిరిగితే ఆ చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, యూనిట్‌కు లెక్క కుదరదు.

తిరునాళ్ళ సీజన్‌లో మరో రకం కేసు వస్తుంది. పార్కింగుకు ఇచ్చిన పొలంలో ముందుచక్రాలు మెత్తటి మట్టిలో దిగబడతాయి. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కితే అవి గిర్రున తిరుగుతాయి, వెనకవి కదలవు. రెండు చక్రాలు వేగంగా, రెండు సున్నాగా ఉన్న సమాచారం కొంతసేపు అలాగే వస్తే, వెనక సెన్సర్లు చెడిపోయాయని కొన్ని కార్ల యూనిట్లు తీర్మానించి దీపం వెలిగిస్తాయి. బండి బయటికి లాగి, ఇంజన్ ఆపి, మళ్ళీ తాళం తిప్పి నడిపితే చాలాసార్లు దీపం ఆరిపోతుంది. ఇలాంటి బండికి సెన్సర్ మార్చడం డబ్బు దండగ.

ఆ తర్వాత స్కానర్. సి అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు బ్రేకు, స్టీరింగు విభాగానివి. సి0035 ముందు ఎడమ సెన్సర్ వలయాన్ని, సి0040 ముందు కుడిని, సి0045 వెనక ఎడమను, సి0050 వెనక కుడిని చూపుతాయి. యు0121 వస్తే ఏబీఎస్ యూనిట్‌తో మిగతా యూనిట్లకు మాటలు తెగిపోయాయని అర్థం. కోడ్ చెప్పేది వలయం పేరే, చెడిన వస్తువు పేరు కాదు. సెన్సర్, దాని వైరు, కప్లర్, చక్రంతోపాటు తిరిగే పళ్ళరింగు, బేరింగ్, చివరకు యూనిట్, వీటిలో ఏది చెడినా అదే కోడ్ రావచ్చు. కోడ్ చూసి సెన్సర్ మార్చి, దీపం ఆరక తెల్లబోవడం ఈ వృత్తిలో మామూలుగా జరిగే పొరపాటు.

అందుకే లైవ్ డేటా చూస్తారు. స్కానర్ తెరమీద నాలుగు చక్రాల వేగాలు పక్కపక్కన పెట్టుకొని, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు గమనిస్తారు. తిన్నని రోడ్డులో నాలుగూ ఒకే అంకె చూపాలి. ఒకటి మొదటినుంచీ సున్నా చూపితే సంకేతమే రావడం లేదు. నెమ్మదిగా వెళ్ళినప్పుడు మాత్రమే పడిపోతే సెన్సర్‌కూ రింగుకూ మధ్య దూరం పెరిగి ఉంటుంది, లేదా దుమ్ము పేరుకొని ఉంటుంది. చక్రం ఒక్కచుట్టు తిరిగినప్పుడల్లా అంకె ఒకసారి తడబడితే రింగులో ఒక పన్ను విరిగినట్టో, రింగు పగిలినట్టో లెక్క. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే తెగితే మలుపుతోపాటు వంగే వైరులో లోపల రాగితీగ విరిగినట్టు.

చివరి నిర్ధారణ చక్రం దగ్గరే. పాతరకం సెన్సర్‌లో అయస్కాంతం, రాగిచుట్ట ఉంటాయి. ఎదురుగా పళ్ళరింగు తిరిగితే అందులో విద్యుత్తు పుడుతుంది. కప్లర్ ఊడదీసి మీటరు పెడితే చాలారకాలకు 800 నుంచి 2,000 ఓమ్‌ల మధ్య నిరోధం కనిపిస్తుంది. అనంతం చూపితే చుట్ట తెగింది. జాకీమీద లేపిన చక్రాన్ని చేత్తో తిప్పుతూ మీటరును ఏసీ వోల్టులకు మారిస్తే చిన్న వోల్టేజి లేచిపడుతూ ఉండాలి. కొత్తరకం సెన్సర్ అలా కాదు. దానికి యూనిట్ నుంచి కరెంటు అందాలి, అది 7, 14 మిల్లీఆంపియర్ల మధ్య మారుతూ సంకేతం పంపుతుంది. దానికి ఓమ్ మీటరు పెట్టడం వల్ల ఏమీ తెలియదు, ఒక్కోసారి పాడవుతుంది కూడా. ముందు ప్లగ్గులో వోల్టేజి అందుతోందా అని చూడాలి.

కొత్తరకం కార్లలో పళ్ళరింగు కూడా ఉండదు. చక్రపు బేరింగ్ సీలులోనే అయస్కాంత వలయం అతికి ఉంటుంది. చూపుకు అది మామూలు నల్లటి రబ్బరు సీలులాగే ఉంటుంది. పాత అలవాటుతో బేరింగ్‌ను తిరగేసి ప్రెస్‌లో ఎక్కిస్తే ఆ వలయం సెన్సర్‌కు అవతలివైపు పడుతుంది. బేరింగ్ సాఫీగా తిరుగుతుంది, చప్పుడు రాదు, కానీ కారు కదలగానే దీపం వెలుగుతుంది. మళ్ళీ విప్పితే బేరింగ్ పాడవుతుంది. ఎక్కించేముందు సన్నటి ఇనుపవస్తువు దగ్గర పెట్టి ఏవైపు ఆకర్షణ ఉందో చూసుకుంటే ఈ నష్టం తప్పుతుంది. స్పీకర్ల వంటి అయస్కాంతాల పక్కన కొత్త బేరింగ్ పెట్టకూడదన్న జాగ్రత్తా ఇందుకే.

పల్నాడు కారుకు తరచుగా వచ్చే దోషాలకు కారణాలు పెద్దవేమీ కావు. నాపరాయి, సున్నం లారీలు తిరిగే దారుల దుమ్ము, డిస్కు అరిగి రాలే ఇనుపరజను సెన్సర్ కొనకు పట్టుకుంటాయి. వానాకాలం పొలందారి బురద కప్లర్‌లోకి చేరి పిన్నులు పచ్చబారతాయి. పొలాల దగ్గరా, గోదాముల దగ్గరా నిలిపిన కార్లలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. షాకబ్జార్బర్ పని చేసినప్పుడు సెన్సర్ వైరును క్లిప్పులో తిరిగి బిగించకపోతే అది టైరుకు రాసుకొని తెగుతుంది. వీటిలో సగానికి సగం శుభ్రం చేయడంతో, వైరు కలిపి టంకం వేయడంతో తీరతాయి. యూనిట్టే చెడిందని తీర్మానించడం అన్నీ చూశాక చివరన. అప్పుడు కూడా దానికి అందే కరెంటు, ఎర్తు సరిగా ఉన్నాయని తేల్చుకున్నాకే.

మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపి బండి నడిపిచూడాలి. చాలా యూనిట్లు చక్రాలన్నీ తిరిగి, సంకేతాలు సరిపోలాక గానీ దీపం ఆర్పవు. నిలిపి ఉన్న బండిలో కోడ్ చెరిపితే దీపం ఆరినట్టు కనిపించి, పది గజాలు వెళ్ళాక మళ్ళీ వెలగవచ్చు. యూనిట్టుగానీ బ్రేకు గొట్టాలుగానీ విప్పి ఉంటే గాలి తీయడం రెండు దశల పని. చక్రాల దగ్గర మామూలుగా తీశాక, యూనిట్ లోపలి గదుల్లో చిక్కిన గాలి తీయడానికి స్కానర్‌తో వాల్వులను, పంపును నడపాల్సివస్తుంది. అది చేయకపోతే పెడల్ మెత్తగానే ఉండిపోతుంది. ఆ మెత్తదనాన్ని స్కానర్ చూపదు. అంబాసిడర్ కాలం మేస్త్రీ నేర్పినట్టు పాదంతో నొక్కి చూస్తేనే తెలుస్తుంది.